చివరి పేజీ తిప్పకు, అమ్మాయీ

పర్లాకిమిడి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

‘నాలుగు అధ్యాయాలు కావస్తున్నాయి, ఇంకా హత్యే జరగలేదు, హంతకుడెవరో ఫోనులో వెతికేయనా?’ అని అడిగావు. భువనేశ్వర్ హాస్టలులో ఉన్నావు కాబట్టి బతికిపోయావు. ఇక్కడుంటే ఆ ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో దాచేవాణ్ణి.

ఇంగ్లిషు రచయిత్రి అగాథా క్రిస్టీ రాసిన డిటెక్టివ్ నవల ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ అది, 1926లో పుస్తకంగా వచ్చింది. ఐదో అధ్యాయంలో శవం కనిపిస్తుంది, కంగారుపడకు. నువ్వు విసుక్కుంటూ దాటేస్తున్న ఆ నాలుగు అధ్యాయాలే అసలు భోజనం. నాలుగో అధ్యాయం చివరి పేజీల్లో మామూలుగా కనిపించే ఒక వాక్యం ఉంది. మొదటిసారి నేనూ దానిమీదుగా నడిచి వెళ్లిపోయాను. రెండోసారి చదివినప్పుడు అక్కడే పుస్తకం మూసి పెద్దగా నవ్వాను. ఆ వాక్యంలో అబద్ధం ఒక్కటీ లేదు. ధర్మరాజు ‘అశ్వత్థామ హతః’ అని గట్టిగా, ‘కుంజరః’ అని మెల్లగా అన్నాడే, అదే విద్య. ద్రోణుడంతటివాడే అస్త్రాలు వదిలేశాడు, మనమెంత! ఇక్కడితో నోరు కట్టుకుంటున్నాను.

కాబట్టి ఎలా చదవాలో చెబుతాను, విను. మనిషి ముఖం, మాట తీరు చూసి అనుమానించకు. దుర్మార్గుడిలా కనిపించేవాణ్ణి నీకోసమే అలా నిలబెడతారు. గడియారం చూడు. ఎవరు ఎన్ని గంటలకు ఎక్కడున్నారో ఒక చీటీ మీద రాసుకో. ఆ మాట ఎవరు చెప్పగా నీకు తెలిసిందో పక్కనే రాసుకో. ఇది ముఖ్యం. డిటెక్టివు పిచ్చివాడిలా ఒక చిన్న విషయం పట్టుకుని వేలాడితే అక్కడ ఆగు. ఈ నవలలో ఒక కుర్చీ ఉండవలసిన చోట ఉండదు. అందరూ ‘దానికేముంది’ అంటారు. డిటెక్టివు ప్వారో మాత్రం వదలడు.

ఇంకొకటి. ఇది రచయితకీ పాఠకుడికీ మధ్య న్యాయమైన పోటీ. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లిషు మతాచార్యుడు డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. దొరికిన ఆధారాన్ని పాఠకుడి దగ్గర దాచకూడదన్నది అందులో ఒకటి. డిటెక్టివు పక్కనుండే మిత్రుడి తెలివి మామూలు పాఠకుడి తెలివికంటే కొంచెం, చాలా కొంచెం తక్కువగా ఉండాలన్నది మరొకటి. అది చదివినప్పుడు, చిన్నప్పుడు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలల్లో అతని సహాయకుడు రాజును చూసి నేనెందుకంత గర్వపడేవాణ్ణో తెలిసింది.

క్రిస్టీకి ఈ నేర్పు ఊరికే రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులోని టార్కీ ఊరి ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది. 1920లో వచ్చిన మొదటి నవలలో విషం సంగతి ఎంత పద్ధతిగా రాసిందంటే ఫార్మస్యూటికల్ జర్నల్ మెచ్చుకుంది. మనకు ఆధారాలు అందించేటప్పుడూ ఆవిడది కాంపౌండరు చెయ్యే. చుక్క ఎక్కువ పడదు.

ఈ పుస్తకం నేను గుణుపురం వెళ్లే పాత చిన్న రైల్లో చదివాను. పట్టాల మధ్య ఎడం మీటరు కూడా లేదు. 2004లో ఆపేశారు. పుస్తకం చదవడానికి అంతకంటే మంచి వేగం నేను మళ్లీ చూడలేదు. గ్రంథాలయం ప్రతి అది. పదో పేజీకి అటూఇటూగా ఎవరో మహానుభావుడు ఒక పేరు పక్కన పెన్సిలుతో బాణం గీసి ‘వీడే’ అని రాశాడు. ఒళ్లు మండిపోయింది. అయినా వదల్లేక, వాణ్ణే అనుమానిస్తూ చివరిదాకా చదివాను. తీరా చూస్తే వాడు కాదు! ఆ పెన్సిలు మనిషి ఎవరో గాని, దొరికితే టీ ఇప్పించేవాణ్ణి.

ఫోనులో చదవడం ఆపు. కాగితం ప్రతి ఒకటి పోస్టులో పంపుతున్నాను. పేజీ గుర్తుకు మన ఊరి కొమ్ము పనివాళ్లు చేసిన చిన్న కొంగ లోపలుంది, ముక్కు విరవకు. చివరి రెండు అధ్యాయాలు తెరవక ముందే నీ చీటీ నాకు పంపాలి.

పదో పేజీ దగ్గర ఒక పేరు పక్కన పెన్సిలు బాణం కనిపిస్తుంది. అది నేను గీసిందే.

మీ మామయ్య