పరుపు కింద వెచ్చదనం: ఎలక్ట్రిక్ బ్లాంకెట్‌తో సునాబెడలో మా నాలుగు చలికాలాలు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: మీ అమ్మగారు, నాన్నగారు ఉద్యోగ విరమణ తరువాత ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సెమిలిగుడలోనే స్థిరపడ్డారు. ఇద్దరికీ 70 ఏళ్లు దాటాయి, అమ్మగారికి చాలాకాలంగా చక్కెర వ్యాధి ఉంది. ఈ చలికాలానికి వారి మంచానికి ఎలక్ట్రిక్ బ్లాంకెట్ కొనిపెట్టాలని మీకు ఉంది గాని, షాకు కొడుతుందేమో, నిద్రలో అంటుకుంటుందేమో, రాత్రంతా వేసి ఉంచవచ్చో లేదో తేలక ఆగారు. నేను వైద్యురాలినీ కాదు, విద్యుత్ నిపుణురాలినీ కాదు. అయితే మీ వాళ్లు ఉన్న చోటికి పక్కనే, సునాబెడలో, నాలుగు చలికాలాలుగా దీనిని వాడుతున్నాము. అందులో మొదటి రెండు చలికాలాలలో రెండు తప్పులు చేశాము. ఆ తప్పుల కారణంగానే ఇంత వివరంగా రాయగలుగుతున్నాను.

ముందుగా సూటిగా చెబుతాను. కొనవచ్చు. అయితే దానిని పరుపును వెచ్చబెట్టే వస్తువుగా మాత్రమే వాడాలి, మనిషిని రాత్రంతా వెచ్చగా ఉంచే వస్తువుగా కాదు. మనిషి మంచం ఎక్కే వేళకు ప్లగ్గు గోడ నుంచి ఊడి ఉండాలి. మీ నాన్నగారి విషయంలో ఈ నియమాన్ని కాస్త సడలించినా సడలించవచ్చునేమో గాని, అమ్మగారి విషయంలో ఒక్క రాత్రి కూడా సడలించడానికి వీలు లేదు.

మాది విజయనగరం వైపు. మావారి ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చి 19 ఏళ్లు అయింది. సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కిన వారికి ఈ చలి గురించి నేను చెప్పనవసరం లేదు. దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పీఠభూమి మీద డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున 10 డిగ్రీల కన్నా కిందికి దిగడం మామూలే. కింద మైదానంలో పుట్టి పెరిగి, పెద్ద వయసులో మా దగ్గరకు వచ్చిన అత్తగారికి మొదటి ఏడాది రెండు బొంతలు, ఒక రగ్గు కప్పినా కాళ్లు వెచ్చబడేవి కావు. తెల్లవార్లూ నిద్ర లేకుండా మూలుగుతూ ఉండే ఆమెను చూడలేక మా అబ్బాయి పరుపు మీద పరిచే రకం బ్లాంకెట్ ఒకటి తెప్పించాడు. మన దగ్గర ఎక్కువగా దొరికేది ఈ రకమే. పరుపు మీద పరిచి, దాని మీద దుప్పటి వేసి, ఆ దుప్పటి మీద పడుకుంటారు. పైన కప్పుకొనే రకం వేరే ఉంది. ఒకదాని స్థానంలో మరొకటి వాడకూడదు.

మా మొదటి తప్పు ఇది. స్విచ్చులో అతి తక్కువ వేడి దగ్గర పెట్టి రాత్రంతా వదిలేశాము. చేత్తో తాకితే గోరువెచ్చగా కూడా అనిపించని ఆ వేడి ఏం చేస్తుందిలే అనుకున్నాము. వారం తిరగకుండానే ఒక ఉదయం అత్తగారికి స్నానం చేయిస్తుంటే ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత పొక్కు కనిపించింది. "ఎప్పుడు కాలిందండీ?" అని అడిగితే, "కాలడమేమిటే, నాకు నొప్పే లేదు కదా" అన్నారు. ఆ నొప్పి లేకపోవడమే అసలు ప్రమాదమని డాక్టరు గారు చెప్పేదాకా మాకు తెలియలేదు. చాలా ఏళ్లుగా చక్కెర వ్యాధి ఉన్నవారికి పాదాలలోని నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోతుంది. వేడి ఎక్కువైనప్పుడు మనం నిద్రలోనే కాలు పక్కకు జరుపుకొంటాము, వారు జరుపుకోరు. రక్తప్రసరణ కూడా మందగించి ఉంటుంది గనుక, ఒకచోట చేరిన వేడిని రక్తం వెంటనే తీసుకుపోదు. ఆ పొక్కు పుండై, మానడానికి నెలన్నర పట్టింది.

తరువాత నేను చదివి తెలుసుకున్నదేమిటంటే, చర్మం కాలడానికి వేడి ఎంత అన్నది ఒక్కటే కాదు, ఎంతసేపు అన్నది కూడా అంతే ముఖ్యం. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో దీనిని కొలిచి ప్రకటించారు. 60 డిగ్రీల వేడికి చర్మం 5 సెకన్లలో కాలుతుంది. 44 డిగ్రీలకు ఏమీ కాదని మనం అనుకుంటాము గాని, అది కూడా సుమారు 6 గంటలపాటు ఒకేచోట తగిలి ఉంటే చర్మం దెబ్బతింటుంది. 6 గంటలంటే ఒక రాత్రి నిద్ర. మడమ, పిరుదు, భుజం వంటి చోట్ల శరీరం బరువు పరుపును నొక్కి పెట్టడం వల్ల అక్కడి వేడి బయటికి పోదు. కాబట్టి మీటలో "తక్కువ" అని రాసి ఉన్నంత మాత్రాన ఆ చోట కూడా తక్కువే ఉంటుందన్న భరోసా లేదు. పొక్కులు రాకపోయినా, ఏళ్ల తరబడి ఒకేచోట వేడి తగిలిన చర్మం మీద వల పరిచినట్లు గోధుమరంగు గీతలు పడతాయి. మా అమ్మమ్మ పిక్కల మీద అవి ఉండేవి. రోజూ కుంపటి ముందు కూర్చునే అలవాటు వల్ల వచ్చినవని ఇప్పుడు తెలిసింది. చిన్నప్పుడు అవి వయసు ముడతలనుకునేదాన్ని.

ఈ కారణంగానే ఈ వస్తువుల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం, ఐఈసీ 60335-2-17, వేడిని గుర్తించలేని వారికి, వేడి ఎక్కువైనా స్పందించలేని బలహీనులకు, 3 ఏళ్లలోపు పిల్లలకు వీటిని వాడవద్దన్న హెచ్చరికను సూచనల పత్రంలో తప్పనిసరి చేసింది. మనిషి మంచం ఎక్కకముందే ప్లగ్గు తీయాలని నేను పట్టుబట్టేది ఇందుకే. మద్యం తీసుకున్నవారు, నిద్రమాత్రలు వేసుకున్నవారు కూడా ఆ రాత్రికి వేడిని గుర్తించలేని వారి కిందే లెక్క. మీ పిల్లలు సెలవులకు తాతగారింటికి వెళ్తారని రాశారు గనుక ఇది చెబుతున్నాను. నానమ్మ పక్కన వెచ్చగా ఉందని పసివాళ్లను అందులో పడుకోబెట్టవద్దు.

రెండో తప్పు మంటకు సంబంధించినది. తొలి చలికాలం గడిచాక బ్లాంకెట్‌ను చక్కగా నాలుగు మడతలు పెట్టి, ట్రంకుపెట్టెలో అడుగున ఉంచి, దాని మీద బొంతలన్నీ సర్దాను. ఎనిమిది నెలలు అది ఆ బరువు కింద ఉంది. మళ్లీ చలికాలంలో తీసి పరిచిన మూడో రోజు సాయంత్రం గదిలోకి వెళ్తే, పాత ఇస్త్రీపెట్టె వాసన వచ్చింది. దుప్పటి తీసి చూస్తే, సరిగ్గా మడత గీత వెంబడి నాలుగు వేళ్ల మేర బట్ట కమిలి ఉంది. మంచం మీద అప్పటికి ఎవరూ లేరు.

అక్కడ జరిగినది ఇది. లోపల ఉండేది సన్నని దారానికి చుట్టిన సన్నని తీగ. మడత దగ్గర అది పదేపదే వంగి, నలిగి, కొన్ని పోగులు తెగితే, మిగిలిన పోగుల గుండానే కరెంటు పోవలసి వస్తుంది. ఆ ఒక్కచోట వేడి పెరుగుతుంది. తీగ తెగకపోయినా, పరిచినప్పుడు బ్లాంకెట్ ముడతపడి ఒక పొర మీద మరో పొర వస్తే, రెండు పొరల వేడీ మధ్యలో చిక్కుకుంటుంది. అప్పుడు నేను మా ఎలక్ట్రీషియన్‌ను, "ఇంట్లో ఎంసీబీ ఉంది కదా, అది పడిపోలేదేం?" అని అడిగాను. ఆయన చెప్పినది ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి. ఒంటరి మంచానికి వాడే బ్లాంకెట్ సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, అంటే 230 వోల్టుల దగ్గర ఆంపియరులో మూడో వంతు. ఎంసీబీ అంటే మెయిన్ బోర్డులో ఉండి, రకాన్ని బట్టి 6 ఆంపియర్లో 16 ఆంపియర్లో దాటితే పడిపోయి కరెంటును ఆపే మీట. బ్లాంకెట్‌లో ఒక అంగుళం మేర తీగ కమిలిపోతున్నా మొత్తం కరెంటు పెరగదు గనుక, దానికి ఏమీ తెలియదు. కరెంటు లీకైతే పడిపోయే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే మీట ఉంటే, కరెంటు మనిషి గుండానో తడి గుండానో భూమిలోకి పోతున్నప్పుడు ఆపుతుంది. షాకు నుంచి అది రక్షణ, కాబట్టి మీ వాళ్లింట్లో లేకపోతే పెట్టించండి. అయితే వేడెక్కిన మడతను అది కూడా చూడలేదు. మడతను చూడవలసినవి మన కళ్లు, చేతులే.

అందువల్ల ఇప్పుడు మా ఇంట్లో బ్లాంకెట్ వేసవిలో మడత పడదు. వేడి పూర్తిగా చల్లారాక చాప చుట్టినట్లు వదులుగా చుట్టి, బీరువా మీద ఏ బరువూ లేకుండా ఉంచుతాము. కార్తీక మాసం రాగానే దించి వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూస్తాము. తీగలు ఒకదాని మీదికొకటి ఎక్కినట్లు కనిపించినా, ఎక్కడైనా రంగు మారినా, త్రాడు మీటలోకి చేరే చోట వదులైనా, దానిని ఇక వాడము. కమిలిన దానిని బాగు చేయించుదామని మావారు అన్నారు గాని నేను ఒప్పుకోలేదు. కుట్టి అతికించే వస్తువు కాదది. బ్రిటన్‌లో అగ్నిమాపక, విద్యుత్ భద్రతా సంస్థలు వీటిని 3 ఏళ్లకు ఒకసారైనా నిపుణులకు చూపించమని, 10 ఏళ్లు దాటిన వాటిని మార్చేయమని చెబుతాయి. మనకు ఆ పరీక్ష చేసేవారు దగ్గరలో దొరకరు కాబట్టి నేనైతే అంతకాలం ఉంచను.

షాకు గురించి మీకున్నంత భయం అక్కరలేదు. తీగ చుట్టూ ఇన్సులేషన్ ఉంటుంది. అది చిరగనంత కాలం, తడవనంత కాలం మామూలుగా షాకు కొట్టదు. చిరగడానికి ముఖ్య కారణం పిన్నులు. దుప్పటి జారకుండా కాంటాపిన్ను గుచ్చడం మనలో చాలామందికి అలవాటు. బ్లాంకెట్ ఉన్న పరుపు మీద ఆ పని ఎన్నటికీ చేయవద్దు. రాత్రిళ్లు మూత్రం ఆగని సమస్య ఉన్నవారి పక్క మీద దీనిని అసలు వాడవద్దు. వేడినీళ్ల సంచిని కూడా దీనితో కలిపి పెట్టవద్దు, అది కారితే అంతే సంగతులు.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి కరెంటు. చలికాలపు సాయంత్రం కరెంటు పోతుంది. వేసి ఉన్న బ్లాంకెట్ సంగతి మరచి అందరూ వరండాలోకి వస్తారు. అరగంట తరువాత కరెంటు వస్తుంది. చేత్తో జరిపే మామూలు మీట ఉన్న బ్లాంకెట్ తనంతట తాను మళ్లీ వేడెక్కడం మొదలుపెడుతుంది. మీ వాళ్లు బజారుకు వెళ్లి ఉంటే ఎవరూ చూడరు. అందుకే కరెంటు పోగానే ముందు ప్లగ్గు తీయడం మా ఇంట్లో దీపం వెతకడం కన్నా ముందు పని. వోల్టేజీ పెరిగే వీధులలో ఇంకొక చిక్కు ఉంది. వేడి వోల్టేజీ వర్గాన్ని, అంటే వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేదాన్ని, బట్టి పెరుగుతుంది కాబట్టి, 230 ఉండవలసిన చోట 260 వస్తే, వోల్టేజీ 13 శాతమే పెరిగినా వేడి 28 శాతం దాకా పెరుగుతుంది. ఎలక్ట్రానిక్ మీట ఉన్న రకాలను చవక ఇన్వర్టర్ల మీద నడపవద్దు. ప్లగ్గును గోడ సాకెట్‌లోనే గట్టిగా బిగించాలి. పరుపు కిందకు తోసిన ఎక్స్‌టెన్షన్ బోర్డు బ్లాంకెట్ కన్నా ముందు అంటుకోగలదు.

పరుపు సంగతి కూడా చూసుకోండి. మెమరీ ఫోమ్ పరుపు వేడిని పట్టి ఉంచుతుంది. దాని మీద వాడవద్దని చాలా కంపెనీలే చెబుతాయి. దూది పరుపు వాడవచ్చు గాని, అది ఎగుడుదిగుడుగా ఉంటే బ్లాంకెట్ ముడత పడుతుంది. పైగా దూదికి నిప్పు అంటితే మంట లేవకుండా లోలోపలే గంటల తరబడి రాజుకుంటుంది. పాతదైతే ముందు ఏకించి కుట్టించండి.

ఇంత చెప్పాక కూడా ఎందుకు కొనమంటున్నానంటే, దీనికి బదులు మన కొండ ఊళ్లలో జరుగుతున్నది ఇంతకన్నా ప్రమాదకరం గనుక. తలుపులు, కిటికీలు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోవడం వల్ల ప్రతి చలికాలం ఎక్కడో ఒకచోట ప్రాణాలు పోతూనే ఉన్నాయి. ఆ బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. పొగ లేని ఎర్రటి నిప్పులైతే ఏమీ కాదనుకోవడం తప్పు, ఆ వాయువు వాటి నుంచి కూడా వస్తుంది. మీ వాళ్లు ఇప్పుడు కుంపటి వాడుతుంటే, ముందు దానిని పడకగది నుంచి తీసివేయించండి. 2,000 వాట్ల రూమ్ హీటరు గంటకు 2 యూనిట్లు తింటుంది. బ్లాంకెట్‌ను రోజూ గంట వేసినా నెలకు మూడు యూనిట్లు కూడా కావు.

కొనేటప్పుడు నేను చూసేవి మూడే: వేడి మితిమీరితే దానంతట అది ఆగిపోయే ఏర్పాటు ఉండాలి, గంటకో రెండు గంటలకో ఆగిపోయే టైమరు ఉండాలి, ఇద్దరు పడుకునే మంచమైతే రెండు వైపులకూ వేర్వేరు మీటలు ఉండాలి. ఎవరో వాడి ఇచ్చినది ఉచితంగా వచ్చినా తీసుకోవద్దు, దాని మడతల చరిత్ర మనకు తెలియదు.

ఇప్పుడు మా అత్తగారికి రాత్రి ఎనిమిదికి పక్క మీది బ్లాంకెట్‌కు స్విచ్చు వేస్తాము, మీద ఒక బొంత పరిచి ఉంచుతాము. తొమ్మిదికి ప్లగ్గు తీసి, ఆమె పడుకునే చోట అరచేతితో మొత్తం తడిమి చూస్తాము, అప్పుడే ఆమె మంచం ఎక్కుతారు. కాళ్లకు వదులైన ఉన్ని మేజోళ్లు వేస్తాము. బొంత కింద ఆ వెచ్చదనం ఆమె నిద్రపోయేదాకా సరిపోతోంది, తెల్లవారుజామున చలి అనిపిస్తే ఇంకో రగ్గు కప్పుతాము గాని మళ్లీ స్విచ్చు వేయము. ఉదయం మడమలు, వేళ్ల సందులు చూడడం ఎలాగూ చక్కెర వ్యాధికి చేయవలసిన పనే.

మీరు సంక్రాంతికి వెళ్తున్నానన్నారు. బ్లాంకెట్‌ను ముందే పార్సిలులో పంపకుండా మీరే తీసుకువెళ్లి, ఆ మూడు రాత్రులూ మీ నాన్నగారి చేతనే స్విచ్చు వేయించి, ప్లగ్గు తీయించండి. ఎనిమిదికి వేయాలి, తొమ్మిదికి తీయాలి అని పెద్ద అక్షరాలతో రాసి సాకెట్ పక్కనే అతికించండి. నాలుగో రోజు ఉదయం మీరు బయలుదేరే ముందు అమ్మగారి పాదాలను ఒకసారి వెలుతురులో చూడండి. ఎక్కడైనా ఎర్రగా ఉంటే బ్లాంకెట్‌ను మీ సంచిలోనే వెనక్కు తెచ్చుకోండి.