మా పాపది మగ గొంతంట, సింగింగ్ మాన్పించేయమంటారా?

గాజువాక నుంచి ఒక అమ్మగారు రాశారు. పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, ఎనిమిదేళ్లుగా సంగీతం నేర్చుకుంటోంది. ఈమధ్య మారిన కొత్త మాస్టారు విని "ఇది మగ గొంతండీ, ఆడపిల్ల పాటకి పనికిరాదు, ఫీజు దండగ" అనేశారట. పాప రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు, ఇప్పుడేమో ఎంసెట్టే రాయను సింగర్నే అవుతానని మొండికేసింది. వాళ్ల నాన్నగారు స్టీల్ ప్లాంట్ ఉద్యోగి, ఆయనకి బీటెక్ తప్ప ఇంకోటి చెవికెక్కదు. మాన్పించేయమంటారా అని అమ్మగారి ప్రశ్న, దాంతోపాటు పాప పాడిన ఒక రికార్డింగ్.

అమ్మా, రికార్డింగ్ నాలుగుసార్లు విన్నాను. వెనకాల మీ కుక్కర్ మూడు విజిల్స్ వేసింది, అది పక్కన పెడితే పల్లవి పైకెళ్లే చోట పాప గొంతు బిగిసిపోతోంది, పై షడ్జమం, అంటే పై స్థాయి 'స', దగ్గర స్వరం కన్నా గాలే ఎక్కువొస్తోంది, మాస్టారు విన్నది ఇదే అయ్యుంటుంది. కానీ చరణం అయిపోయాక కిందకి దిగి మంద్రంలో, అంటే కింది స్థాయిలో, చిన్న హమ్మింగ్ తీసింది చూశారా, అక్కడ నేను కాఫీ కప్పు కింద పెట్టేశాను, వంటింట్లోంచి మా ఆవిడ "ఎవరండీ అది, ఇంకోసారి పెట్టండి" అంది. మా ఆవిడకి సంగీతం రాదు, అందుకే ఆ మాటకి విలువిస్తాను.

మీ మెసేజ్‌లో ఒక ముక్క ఉంది, "ఐదున్నర శ్రుతిలో పాడిస్తున్నారు" అని. అసలు సమస్య అదేనమ్మా. శ్రుతి అంటే పాటకి ఆధారంగా పెట్టుకునే 'స' ఎత్తు, అంకె పెరిగేకొద్దీ పైకెళ్తుంది. ఆడపిల్లలంటే ఐదు, ఐదున్నర, ఆరు అని క్లాసులో అందరికీ ఒకే శ్రుతి పెట్టేస్తారు, ఇరవై మంది కలిసి పాడాలి కాబట్టి వాళ్లకి అదే సుళువు. ఇలాంటి గొంతుకి మూడు, మహా అయితే నాలుగు సరిపోతుంది. ఫోన్లో తంబురా యాప్ పెట్టుకుని అదే పాట నాలుగులో పాడమనండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇక మగ గొంతు అన్న మాట. పాప్ సింగర్ ఉషా ఉతుప్ గారిని స్కూల్లో నీ గొంతు పాటకి సరిపోదని మ్యూజిక్ క్లాస్ నుంచే పంపేశారు, ఆవిడే చాలా ఇంటర్వ్యూల్లో నవ్వుతూ చెప్పుకుంటారు, ఆవిడకి 2024లో పద్మభూషణ్ వచ్చింది. హిందుస్తానీ గాయని గంగూబాయి హంగల్ గారికైతే గొంతుకి ఆపరేషన్ అయ్యాక స్వరం బరువెక్కిపోయింది, వినేవాళ్లు పాడేది మగాయనేమో అనుకునేవాళ్లు, ఆ గొంతుతోనే ఖయాల్ పాడి 2002లో పద్మవిభూషణ్ దాకా వెళ్లారు. మనవాళ్లలో భానుమతి గారి గొంతు ఇంకెవరిలాగైనా ఉంటుందా, తన పాటలు తనే పాడుకున్నారు. 1973లో ఎల్.ఆర్.ఈశ్వరి గారు "మసక మసక చీకటిలో" పాడితే ఇప్పటికీ పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఆ పాట ఆగలేదు, మొన్న 2021లో పుష్ప సినిమాలో "ఊ అంటావా" పాటలో ఇంద్రావతి చౌహాన్ గొంతు విని జనం ఎవరీ అమ్మాయి అని వెతుక్కున్నారు.

అలాగని గొంతు వెరైటీగా ఉంది కదా అదే నడిపించేస్తుందనుకోవద్దు, ఈ మాట పాపకి చదివి వినిపించండి. వెరైటీ గొంతు ఒక్క నిమిషం ఆపుతుంది జనాన్ని, రెండో నిమిషం నుంచి శ్రుతి, తాళం, ఊపిరి ఇవే. పాపకి చరణం మధ్యలో ఊపిరి చాలట్లేదు, రెండుచోట్ల మాట విరిగింది.

అన్నిటికన్నా ముందు ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. పుట్టుకతో వచ్చిన జీర వేరు, అరిచి అరిచి స్వరపేటికలో నాడ్యూల్స్, అంటే చిన్న కాయల్లాంటివి, వచ్చి బొంగురుపోవడం వేరు. పొద్దున బాగుండి సాయంత్రానికి పీలగా అయిపోతోందా, మాట్లాడినా నొప్పా, మూడు వారాలు దాటినా బొంగురు తగ్గట్లేదా, గమనించండి. చిన్న కెమెరాతో చూసేస్తారు, ఐదు నిమిషాల పని. నాడ్యూల్స్ ఉన్నా భయం లేదు, చాలామందికి స్పీచ్ థెరపీ, గొంతుకి రెస్ట్‌తోనే తగ్గిపోతాయి. పైగా పాప వయసులో గొంతు ఇంకా స్థిరపడుతూ ఉంటుంది.

చదువు సంగతి. ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, రాయాల్సిందే, ఇందులో నాన్నగారి వైపే నేను. కానీ సీటు వచ్చాక ఊరు దాటించకండి. ఇక్కడే ఉంటే విజయనగరం మహారాజా సంగీత కళాశాల రైల్లో వెళ్లేంత దూరం, 1919 నుంచి ఉంది, సుశీల గారు చదివింది అక్కడే, సర్టిఫికెట్ డిప్లొమా కోర్సులు ఉంటాయి, టైమింగ్స్ కుదురుతాయో లేదో ఒకసారి వెళ్లి కనుక్కోండి. సిరిపురంలో ఆకాశవాణి ఉంది, లలిత సంగీతం ఆడిషన్‌కి అప్లై చేయించండి, బీ గ్రేడ్ వచ్చినా చేతిలో ఒక కాగితం ఉన్నట్టు. డబ్బింగ్, యాడ్స్, ఆడియోబుక్స్‌లో ఇలాంటి లోగొంతుకి పని దొరుకుతుంది, అది పాటకన్నా ముందే అన్నం పెట్టొచ్చు. సినిమా ఛాన్స్ అని ట్రాక్ పాడమంటే పాడనివ్వండి గానీ ట్రాక్ అంటే తర్వాత వేరేవాళ్ల గొంతు పెట్టేస్తారు అని పాపకి ముందే చెప్పండి, లేకపోతే మళ్లీ అన్నం మానేస్తుంది. ఛాన్స్ ఇప్పిస్తాం డబ్బులు కట్టండి అన్నవాడికి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

మాస్టారితో గొడవ పెట్టుకోకండి, నాలుగు శ్రుతిలో పాడించరా అని ఒక్కసారి అడగండి, కాదంటే మాస్టార్ని మార్చండి, పాపని కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాక నాలుగులో పాడించి ఇంకో రికార్డింగ్ పంపండి. ఈసారి కుక్కర్ దించేశాక.