చనిపోయినాయన కాఫీ అడిగాడు

చిరంజీవికి,

నీ కథ రెండుసార్లు చదివాను. బాగుందని కాదు (బాగానే ఉందిలే), పదకొండో పేజీలో దారి తప్పాను. అమ్మ మజ్జిగ గ్లాసు గట్టు మీద పెట్టింది. తర్వాతి పేరాలో కొడుకు అదే గట్టు మీద దుమ్ము తుడుస్తున్నాడు. ఇంతలోనే దుమ్మేంటి అనుకున్నా. పేజీ తిప్పితే గానీ తెలియలేదు, మధ్యలో మూడేళ్ళు గడిచాయని, అమ్మ లేదని. అక్కడ నువ్వు ఖాళీ వదిలావు, నిజమే. కానీ ప్రతి పేరాకీ అంతే ఖాళీ వదిలావు కదా! "ఊఁ" అన్న పేరా తర్వాతా, అమ్మ పోయిన చోటా ఒకే ఖాళీ ఉంటే నాకెలా తెలుస్తుంది?

తప్పు పూర్తిగా నీది కాదులే. 2007 వర్డ్ నుంచి ఎంటర్ కొడితే చాలు, దానంతటదే ఖాళీ పడుతోంది. ఆఫీసు ఉత్తరాలకి, ఫోన్లో చదివేవాటికి అది సరే. కథకి మాత్రం పేరా మొదటి లైను కాస్త లోపలికి జరగాలి, ఖాళీ అన్నది కాలమో చోటో మారినప్పుడే రావాలి. వాక్యానికో పేరా చేసి, మధ్యలో జానెడు ఖాళీ వదిలి, అదే గాఢత అనుకునే ఫ్యాషన్ గురించి ఇప్పుడు మొదలుపెడితే ఈ ఉత్తరం తెమలదు.

నాకెందుకింత పట్టుదలంటే, 1987లో నా రెండో కథ ఒక వారపత్రికలో పడింది. తండ్రి చనిపోతాడు, ఒక లైను ఖాళీ, తర్వాత కొడుక్కి నాన్న కాఫీ అడిగిన చిన్నప్పటి పొద్దు గుర్తొస్తుంది. చివరి నిమిషంలో ప్రకటన వచ్చిందని సబ్ ఎడిటర్ గారు ఆ ఖాళీలన్నీ లాగేసి కథని రెండు పేజీల్లో కుక్కారు. తర్వాతి వారం ఉత్తరాల్లో ఎవరో అడిగారు, చనిపోయినాయన కాఫీ ఎలా అడిగాడండీ అని. ఆ సబ్ ఎడిటర్ తర్వాత నాకే కథాశిల్పం మీద ఉపన్యాసమిచ్చాడు!

సరే, పని చూడు. ముందు ఫైలు కాపీ తీసిపెట్టుకో. కాలం మారిన చోటల్లా ఖాళీలో మూడు చుక్కగుర్తులు (* * *) పెట్టు, లేకపోతే ఆ ఖాళీలూ మిగతావాటితో పాటే ఎగిరిపోతాయి. తర్వాత కంట్రోల్ హెచ్ నొక్కి, ఫైండ్‌లో టోపీ గుర్తు (ఆరో అంకె మీదుంటుంది), పక్కనే ఇంగ్లీషు చిన్న పి, ఈ జంట రెండుసార్లు కొట్టు. రీప్లేస్‌లో ఒక్కసారి. రీప్లేస్ ఆల్ అను. కొన్నిచోట్ల మూడు నాలుగు ఎంటర్లు కొట్టావు కాబట్టి, సున్నా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ అను. ఆ తర్వాత స్టైల్స్‌లో నార్మల్ మీద రైట్ క్లిక్, మోడిఫై, ఫార్మాట్, పేరాగ్రాఫ్. స్పెషల్ దగ్గర ఫస్ట్ లైన్, అరంగుళం ఎక్కువ, 0.3 చాలు. బిఫోర్, ఆఫ్టర్ రెండూ సున్నా. స్పేస్‌బార్ కొట్టి లోపలికి జరిపావో, చూడు మరి! అక్షరం సైజు మారగానే అది చెదురుతుంది.

చుక్కగుర్తుల కింద వచ్చే మొదటి పేరాకి మాత్రం జరపకు, ఎడమ అంచుకే ఉండనీ.

పోటీకి పంపాలా అనీ, పేరు మార్చాలా అనీ ఏదో అడిగావు, అవి తర్వాత చూద్దాం. ముందు పదకొండో పేజీ సరిచేసి పంపు. పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైలే పంపు, తిరగేసిన పి గుర్తు నొక్కి ఎన్ని ఎంటర్లు మిగిల్చావో చూస్తాను.