మతిమరుపుకు లిథియం, మనసుకు మందులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల విజయవాడ, గుంటూరు నగరాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం, మానసిక రోగాలకు మందుగా వాడే లిథియం అనే లోహం గురించే అడిగాయి. అందువల్ల మొదటి రెండు ప్రశ్నలకు కొంత విస్తరంగా జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మగారి వయసు 72 సంవత్సరాలు. ఏడాదిగా మతిమరుపు పెరుగుతోంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నారు, చెప్పిన మాటే మళ్లీ చెబుతున్నారు. మెదడులో లిథియం తగ్గితే అల్జీమర్స్ వస్తుందని అమెరికాలో కనిపెట్టారట. మా అబ్బాయి అది చదివి, లిథియం ఓరొటేట్ బిళ్లలు ఆన్‌లైన్‌లో తెప్పిస్తానంటున్నాడు. అమ్మ రక్తపోటుకు టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన బిళ్ల వేసుకుంటున్నారు. ఆమెకు వినికిడి కూడా తగ్గింది. లిథియం మొదలుపెట్టవచ్చా?
– ఒక గృహిణి, గవర్నరుపేట, విజయవాడ

జవాబు: మొదలుపెట్టవద్దు. బిళ్లలు ఇప్పటికే ఇంటికి చేరి ఉంటే అమ్మగారి చేతికి అందకుండా తీసివేయండి. మీ అబ్బాయి చదివినది అబద్ధపు వార్త కాదు కాబట్టి, వద్దని ఊరికే అనడం న్యాయం కాదు, కారణాలు చెబుతాను.

హార్వర్డ్ వైద్య కళాశాలకు చెందిన బ్రూస్ యాంక్నర్ బృందం ఈ పరిశోధనను 2025 ఆగస్టులో ‘నేచర్’ పత్రికలో ప్రచురించింది. జ్ఞాపకశక్తి చక్కగా ఉన్నవారు, స్వల్ప మతిమరుపు మొదలైనవారు, అల్జీమర్స్ ముదిరినవారు మరణానంతరం దానం చేసిన మెదళ్లలో వారు 27 లోహాల పాళ్లను కొలిచారు. స్వల్ప మతిమరుపు దశలోనే చెప్పుకోదగినంతగా తగ్గి కనిపించిన లోహం లిథియం ఒక్కటే. అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముద్దలు లిథియాన్ని తమలో పట్టి ఉంచుతున్నాయని, దానివల్ల చుట్టూ ఉన్న కణాలకు అది అందడం లేదని వారు గమనించారు. చిట్టెలుకల ఆహారంలో లిథియాన్ని తగ్గించినప్పుడు వాటి మెదడులో అమిలాయిడ్ పెరిగి, జ్ఞాపకశక్తి దెబ్బతిన్నది. లిథియం ఓరొటేట్ అనే లవణం అమిలాయిడ్‌కు అంతగా చిక్కుకోదు కనుక, దానిని అతి కొద్ది మోతాదులో ఇచ్చినప్పుడు ఆ చిట్టెలుకల జ్ఞాపకశక్తి తిరిగి మెరుగుపడింది. ఇది నిజంగా సంతోషించవలసిన ఫలితం. పరిశోధనలో ఇంత స్పష్టత అరుదుగా కనిపిస్తుంది.

అయితే మెరుగుపడినవి చిట్టెలుకలు. మనుషులలో తగ్గుదలను కొలిచారు గాని, ఓరొటేట్ ఇచ్చి చూడలేదు. అల్జీమర్స్ విషయంలో చిట్టెలుకలలో పనిచేసి మనుషులలో విఫలమైన మందులు ఎన్నో ఉన్నాయి. అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2023లో అమెరికాలో పూర్తి ఆమోదం లభించింది; అదీ ఏడాదిన్నర పరీక్షలో రోగం ముదిరే వేగాన్ని సుమారు 27 శాతం తగ్గించగలిగిందే తప్ప, పోయిన జ్ఞాపకాలను వెనక్కి తేలేదు. మనుషులలో జరిగే క్లినికల్ పరీక్షలు పూర్తికాకుండా ఎవరూ సొంతంగా లిథియం వాడవద్దని ఆ పరిశోధకులే చెప్పారు.

ఇక సీసా మీది అంకెల సంగతి. లిథియం ఓరొటేట్ అణువులో లిథియం బరువు నూటికి నాలుగు పాళ్ల కంటె కొంచెం ఎక్కువ మాత్రమే. 120 మిల్లీగ్రాముల బిళ్లలో అసలు లిథియం 5 మిల్లీగ్రాములు. మానసిక వైద్యులు రాసే 300 మిల్లీగ్రాముల లిథియం కార్బొనేట్ బిళ్లలో అది సుమారు 56 మిల్లీగ్రాములు. ఒక సీసా మీద లవణం బరువు, మరొక సీసా మీద లిథియం బరువు రాసి ఉన్నప్పుడు, తేడా తెలియనివారు ఒక బిళ్లకు బదులు పది వేసే ప్రమాదం ఉంది. పైగా ఆన్‌లైన్‌లో అమ్మే ఈ సరుకు మందుల ప్రమాణాలకు లోబడి తయారైనది కాదు.

అమ్మగారి విషయంలో వీటన్నిటికంటె పెద్ద కారణం ఆమె రక్తపోటు బిళ్ల. అందులోని రెండు మందులూ మూత్రపిండాల ద్వారా లిథియం బయటకు పోవడాన్ని తగ్గిస్తాయి. 72 ఏళ్ల వయసులో మూత్రపిండాల శక్తి ఎలాగూ తగ్గి ఉంటుంది. మరొకరికి ఏమీ చేయని మోతాదు ఆమె రక్తంలో నిలిచిపోవచ్చు.

మరి ఏమి చేయాలి? ముందుగా ఆమెను నరాల వైద్యుడికి గాని, మానసిక వైద్యుడికి గాని చూపించి, రక్తంలో విటమిన్ బి12, థైరాయిడ్, సోడియం, చక్కెర పరీక్షలు చేయించండి. బి12 లోపం, థైరాయిడ్ తగ్గుదల, దిగులు రోగం, నిద్రమాత్రలు కూడా పెద్దవారిలో అచ్చం ఇలాంటి మతిమరుపునే కలిగిస్తాయి. వాటికి చికిత్స ఉంది. వినికిడి మాట మీరు చివరన రాశారు గాని, నా దృష్టిలో అది ఎంతో ముఖ్యమైనది. ‘లాన్సెట్’ వైద్య పత్రిక నియమించిన సంఘం 2024లో ఇచ్చిన నివేదిక మతిమరుపు రోగానికి దోహదపడే, మనం మార్చుకోగలిగిన కారణాలను 14గా గుర్తించింది. వాటన్నిటినీ సరిదిద్దగలిగితే ప్రపంచంలోని ఈ రోగాలలో సుమారు 45 శాతాన్ని నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని లెక్క కట్టింది. వినికిడి లోపం, చూపు లోపం, రక్తపోటు, మధుమేహం, ఒంటరితనం ఆ జాబితాలో ఉన్నాయి. ఆ బిళ్లలకు పెట్టదలచిన డబ్బును వినికిడి యంత్రానికి పెట్టమని మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి.

ప్రశ్న: మా అన్నయ్యకు 41 ఏళ్లు. ఉన్మాదం, దిగులు మారిమారి వచ్చే బైపోలార్ రుగ్మతకు ఎనిమిదేళ్లుగా లిథియం కార్బొనేట్ వాడుతూ నిలకడగా ఉన్నారు. మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేస్తారు. గత మే నెలలో చేతులు బాగా వణికి, నడక తడబడితే వడదెబ్బ అనుకున్నాము. ఆసుపత్రిలో లిథియం ఎక్కువైందని చెప్పారు. మోతాదు మార్చకుండా అది ఎలా ఎక్కువైంది? ఇంతకాలంగా వాడుతున్నందువల్ల అల్జీమర్స్ నుంచి రక్షణ ఉంటుందా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మోతాదు మారలేదు, శరీరంలోని ఉప్పు, నీళ్లు మారాయి. లిథియం, సోడియం రసాయన శాస్త్రంలో ఒకే కుటుంబానికి చెందిన మూలకాలు కావడం వల్ల మూత్రపిండం లిథియాన్ని దాదాపు సోడియంలాగే చూస్తుంది. ఎండలో చెమట ధారగా కారి ఉప్పు, నీళ్లు తగ్గినప్పుడు, మూత్రపిండం ఉన్న సోడియాన్ని పోనివ్వకుండా వెనక్కి లాక్కుంటుంది, దానితోపాటు లిథియాన్నీ లాక్కుంటుంది. ఉదయం వేసుకున్న అదే బిళ్ల సాయంత్రానికి రక్తంలో ఎక్కువ పాళ్లలో మిగులుతుంది.

ఈ మందుకు మేలు చేసే మోతాదుకు, హాని చేసే మోతాదుకు మధ్య ఉన్న దూరం చాలా తక్కువ. సాధారణంగా రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ వరకు ఉండేలా చూస్తారు, 1.5 దాటితే విష లక్షణాలు మొదలవుతాయి. ఈ జాగ్రత్త ఎంత ఖరీదుతో నేర్చుకున్నదో చరిత్రలోనే ఉంది. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో ఉన్మాద స్థితిలో ఉన్న పదిమందికి లిథియం ఇచ్చి, ఆశ్చర్యకరమైన మార్పును లోకానికి తెలియజేశాడు. రక్తంలో దానిని కొలిచే అలవాటు అప్పటికి లేదు. ఏళ్ల తరబడి ఆసుపత్రిలో ఉండి, ఈ మందుతో కోలుకుని బయటకు వెళ్లగలిగిన ఆయన మొదటి రోగే తరువాత లిథియం విషప్రభావంతో మరణించాడు. అమెరికాలో ఈ మందుకు ఆమోదం లభించినది 1970లో.

కాబట్టి మార్చి నెలాఖరులో ఒకసారి, మే నెలలో మరొకసారి లిథియం పాళ్ల పరీక్ష చేయించండి. చివరి బిళ్ల వేసుకున్న 12 గంటల తరువాత రక్తం తీయాలి, లేకపోతే అంకె తప్పుదారి పట్టిస్తుంది. యార్డులో ఉన్నంతసేపూ నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ దగ్గర ఉంచుకోమనండి. రక్తపోటు వస్తుందేమోనన్న భయంతో వైద్యుడిని అడగకుండా ఉప్పు మానేయడం ఆయనకు ప్రమాదం. ఒళ్లునొప్పులకు మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అడిగి తీసుకోవద్దు. అవీ లిథియాన్ని పెంచుతాయి, పారాసిటమాల్‌తో ఆ ఇబ్బంది లేదు. నేను పనిచేసిన రోజులలో వేసవి పెళ్లిళ్ల కాలంలో ప్రయాణం చేసి, నడుంనొప్పికి రెండు రోజులు బిళ్లలు మింగి, మాట ముద్దగా వస్తూ అత్యవసర విభాగానికి వచ్చిన ఒక పెద్దాయన ముఖం ఇంకా గుర్తుంది. తాగివచ్చాడని అనుకుని వారి బంధువులే ఆలస్యం చేశారు. వాంతులు, విరేచనాలు, మగత, తడబడే నడక కనిపించిన రోజునే వైద్యుడికి ఫోను చేసి, తరువాతి బిళ్ల వేసుకోవాలో వద్దో అడగండి. ఆరు నెలలకు ఒకసారి మూత్రపిండాల, థైరాయిడ్ పరీక్షలు కూడా తప్పనిసరి.

అల్జీమర్స్ సంగతి: లిథియం వాడే బైపోలార్ రోగులలో మతిమరుపు రోగం తక్కువగా కనిపించిందని కొన్ని పరిశీలనలు ఉన్నాయి. వాటిని రక్షణకు రుజువుగా తీసుకోవద్దు. అన్నయ్యగారు ఎనిమిదేళ్లు నిలకడగా ఉన్నారు, ఆత్మహత్య ఆలోచనలను తగ్గించడంలోనూ ఈ మందుకు మంచి పేరు ఉంది. ఆయన దానిని కొనసాగించడానికి ఆ కారణాలు చాలు.

ప్రశ్న: ఫోన్ బ్యాటరీలో ఉండే లిథియం, మందు బిళ్లలో ఉండే లిథియం ఒకటేనా?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: చిరంజీవీ, మూలకం ఒకటే. మూడు ప్రోటాన్లు ఉన్న ఈ లోహాన్ని 1817లో స్వీడన్‌లో ఒక ఖనిజంలో కనుగొన్నారు. రాయి అనే అర్థం గల గ్రీకు మాట నుంచి దానికి ఆ పేరు వచ్చింది. బ్యాటరీలోనూ, శరీరంలోనూ అది ఒక ఎలక్ట్రాన్‌ను వదులుకుని అయాన్‌గా తిరుగుతుంది. లిథియం అయాన్ బ్యాటరీకి 2019లో గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి రసాయన శాస్త్ర నోబెల్ ఇచ్చారు. తేడా తోడుగా ఉన్న పదార్థాలలో ఉంది. బ్యాటరీలోని ద్రవం మండే గుణం కలది, విషవాయువులు వెలువరిస్తుంది. ఉబ్బిన బ్యాటరీని ఎన్నడూ గుచ్చి చూడవద్దు.

ప్రశ్న: మా తమ్ముడు పదేళ్లుగా స్కిజోఫ్రీనియాకు రిస్పెరిడోన్ వాడుతున్నాడు. మాటలు వినిపించడం తగ్గింది గాని, బరువు పెరిగాడు, ఒళ్లు బిగుసుకుపోతోంది. మెదడులోని డోపమైన్ అనే రసాయనం జోలికి పోని కొత్త మందు వచ్చిందని విన్నాము. పాత మందుకు దానిని జోడించవచ్చా?
– ఒక అక్క, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీరు విన్నది జానోమెలిన్, ట్రోస్పియం కలిసిన గుళిక గురించి. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రొమజిన్‌తో మొదలైన ఈ రోగపు మందులన్నీ ఏదో ఒక మేరకు డోపమైన్ గ్రాహకాల (కణాల మీద దానిని అందుకునే ప్రొటీన్ల) మీద పనిచేసేవే. ఎసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనానికి చెందిన మస్కరినిక్ గ్రాహకాల మీద పనిచేసే ఈ మందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 సెప్టెంబరు 26న ఆమోదం తెలిపింది.

దీని వెనుక ఉన్న రసాయన శాస్త్రం ఎంతో అందమైనది. జానోమెలిన్‌ను 1990లలో అల్జీమర్స్ రోగులకు ఇచ్చి చూశారు. అప్పుడు వారి భ్రమలు, భ్రాంతులు తగ్గాయి; కాని వాంతులు, కడుపునొప్పి భరించలేక చాలామంది మానివేశారు. మెదడులో మేలు చేసే మందే పేగులలో బాధ పెడుతోంది. దీనికి పరిష్కారంగా, మూత్రాశయ సమస్యకు అంతకుముందే వాడుకలో ఉన్న ట్రోస్పియంను దానికి జత చేశారు. ట్రోస్పియం అణువు మీద శాశ్వతమైన ధనావేశం ఉంటుంది, ఆవేశం గల అణువులు కొవ్వు పొరలను సులభంగా దాటలేవు. అందువల్ల అది మెదడులోకి చేరకుండా, పేగులలోనే జానోమెలిన్‌ను అడ్డుకుంటుంది. ముప్పై ఏళ్ల క్రితం పక్కన పెట్టిన మందు ఇలా తిరిగి పనికివచ్చింది.

అయిదు వారాల పరీక్షలలో ఈ మందు ఒక్కటే వాడినవారికి, మందు లేని ఉత్తుత్తి మాత్ర వాడినవారికంటె లక్షణాలు స్పష్టంగా తగ్గాయి. వికారం, మలబద్ధకం, గుండె వేగం పెరగడం వంటివి మాత్రం కొందరిలో ఉన్నాయి. మీరు అడిగినట్టు పాత మందుకు జోడించి చేసిన పరీక్ష ఫలితం 2025లో వచ్చింది, అందులో తేడా గణాంకపరంగా నిలబడలేదు, అంటే అది యాదృచ్ఛికంగా వచ్చినది కావచ్చు. కనుక జోడింపు కోసం ఎదురుచూడకండి. తమ్ముడి ఒళ్లు బిగుసుకుపోవడానికి, బరువుకు ఇప్పుడే మార్గాలు ఉన్నాయి: మోతాదు తగ్గించడం, బరువు అంతగా పెంచని మరొక మందుకు మారడం వంటివి. తరువాతి సారి వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు ఈ రెండు ఇబ్బందులనే ముందుగా చెప్పండి. మాటలు వినిపించడం తగ్గిందన్న సంతోషంలో ఇంటివారు మిగతావి చెప్పకుండా వచ్చేస్తుంటారు.

ప్రశ్న: మా అమ్మాయి దిగులు రోగానికి ఆరు నెలలుగా ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు వాడుతోంది. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గడం వల్ల దిగులు వస్తుందన్నది తప్పని తేలిందట కదా, ఇక మందు ఎందుకని రేపటి నుంచే మానేస్తానంటోంది.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, పటమట, విజయవాడ

జవాబు: మాస్టారూ, అమ్మాయి చదివినది 2022లో జొయానా మోన్‌క్రీఫ్ బృందం ప్రచురించిన సమీక్ష కావచ్చు. దిగులుకు సెరటోనిన్ లోటే కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని వారు రాశారు. రోగకారణం గురించి ఆ మాట గట్టిదే. నేనూ చాలాకాలం విద్యార్థులకు ఆ లోటు కథనే సులువుగా చెప్పాను. అయితే మందు పనిచేస్తుందా అనేది వేరే ప్రశ్న. 2018లో ‘లాన్సెట్’లో 522 పరీక్షలను, లక్షా పదహారు వేల మందికి పైగా రోగుల వివరాలను కలిపి చూసినప్పుడు, పరిశీలించిన 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కంటె మెరుగ్గా ఉన్నాయని తేలింది, ఆ మెరుగు మోస్తరుదే గాని నిజమైనది. కాలు బెణికితే కాపడం పెడతాము, నొప్పి తగ్గుతుంది. అంతమాత్రాన కాలిలో వేడి తక్కువై బెణికిందని ఎవరమూ అనుకోము.

బాగైన తరువాత కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించడం వాడుక. అమ్మాయి ఎప్పటి నుంచి బాగుందో చూసి వైద్యుడితో మాట్లాడండి. మానదలచినా ఒక్కసారిగా వద్దు. 10 నుంచి 5కు దిగినప్పటి కంటె, 5 నుంచి సున్నాకు దిగినప్పుడు మెదడులో మందు ప్రభావం ఎక్కువగా పడిపోతుంది కాబట్టి, చివరి మెట్లను చిన్నవిగా చేసి, వారాల తరబడి, అవసరమైతే నెలల తరబడి తగ్గించాలి. తగ్గించిన కొద్ది రోజులలోనే తల తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టు అనిపించడం, నిద్ర చెడడం, చిరాకు మొదలైతే అవి మందు తగ్గినందువల్ల వచ్చినవి. పాత మోతాదుకు వెళ్లి మరింత నెమ్మదిగా దిగాలి. చాలా వారాల తరువాత నెమ్మదిగా ఉత్సాహం పోయి, పాత దిగులు ఆనవాళ్లు కనిపిస్తే రోగం తిరగబెడుతున్నదని అర్థం. ఎప్పుడైనా బతకాలని లేదన్న మాట ఆమె నోట వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రి వేళ కూడా తెలుగులో మాట్లాడవచ్చు.