గురుపట్టం, ప్రేమ: ఒక పాఠకురాలి ప్రశ్న

ప్రశ్న: మా తమ్ముడు కతోలిక గురువు (చర్చి ఫాదర్). ఒక యువతిని ప్రేమిస్తున్నానని ఈమధ్య నాతో చెప్పుకుని ఏడ్చాడు. గురువుగా ఉంటూనే పెళ్లి చేసుకునే వీలు లేదా?

జవాబు: రోము ఆచారాన్ని పాటించే లాటిన్ సంప్రదాయానికి చెందిన గురువైతే లేదండీ. పట్టం (గురువుగా అభిషేకం) పొందినవారి వివాహం చెల్లదని 1139లో రోములో జరిగిన బిషప్పుల సమావేశం, రెండవ లాటరన్ మహాసభ తేల్చింది; 1983 నాటి కతోలిక ధర్మశాస్త్ర స్మృతి కూడా అదే చెబుతోంది. అయితే ఇది విశ్వాస సత్యం కాదు, కతోలిక సభ (చర్చి) పెట్టుకున్న క్రమశిక్షణ. అందుకే పోపు కిందే ఉంటూ తమ సొంత ఆచారాలు పాటించే తూర్పు కతోలిక సభలు చాలావాటిలో పెళ్లయినవారికి గురుపట్టం ఇస్తారు, కానీ అక్కడ కూడా పట్టం తర్వాత పెళ్లి కుదరదు.

ప్రేమ కలగడం పాపమేమీ కాదు. రాత్రి ప్రార్థన పుస్తకం తెరిచి పెట్టుకుని, ఆమె సందేశం వచ్చిందేమోనని పదేపదే ఫోను చూసుకునే మనిషికి కావలసింది మందలింపు కాదు, నమ్మకంగా వినే ఒక ఆత్మీయ మార్గదర్శి. అది నిజంగా ప్రేమేనా, లేక ఏళ్ల తరబడి పేరుకున్న ఒంటరితనమా అన్నది తొందరపడకుండా, కొంతకాలం ఆమెకు దూరంగా ఉండి తేల్చుకోవాలి. రహస్యంగా రెండు పడవల మీద కాళ్లు పెడితే అందరికంటే ఎక్కువ నలిగిపోయేది ఆ యువతే. ఈ మాట మీరైనా అతనికి చెప్పండి.

చివరికి వైదొలగాలనే నిశ్చయించుకుంటే బిషప్ ద్వారా విన్నవించుకోవాలి. బ్రహ్మచర్య బాధ్యత నుంచి విడుదల చేసే అధికారం పోపుకు మాత్రమే ఉంది. ఆ అనుమతి వచ్చాక గుడిలోనే పెళ్లి చేసుకోవచ్చు.