బాబు హెడ్‌ఫోన్ లాగి పడేస్తున్నాడా?

థెరపీలో భాగంగా హెడ్‌ఫోన్‌తో సంగీతం వినిపించబోతే, పాట మొదలవకముందే మీ బాబు దాన్ని లాగి పడేస్తున్నాడని రాశారు. అంటే బహుశా అతనికి గిట్టనిది ఆ సంగీతం కాదు, చెవులను నొక్కే హెడ్‌ఫోన్ మెత్తలు.

1. ముందు చెవులు చూపించండి. గులిమి గట్టిపడినా, లోపల నీరు చేరినా పిల్లలు ఇలాగే చేస్తారు. హైదరాబాద్‌లో అయితే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: కొన్ని రోజులు శబ్దమే లేకుండా హెడ్‌ఫోన్ అలవాటు చేయాలి. మొదట మెడలో, తర్వాత చెవులపై రెండే నిమిషాలు. ఆ సమయంలో చేతులకు పని ఉండాలి. మా అమ్మాయికి గిన్నెలో శనగలు, పెసలు కలిపి ఇచ్చి వేరు చేయమనేదాన్ని. ఏరుతూ ఏరుతూ తలమీద ఏముందో మరిచిపోయేది. తను లాగేలోపే నేను తీసేసేదాన్ని. కిటుకంతా అక్కడే ఉంది.

3. ఆ తర్వాతే సంగీతం. మీ మామూలు మాట అతనికి వినపడేంత తక్కువ శబ్దంతో.

4. చెవులు మూసుకుని ఏడిస్తే ఆ పూటకు ఆపి థెరపిస్టుకు చెప్పండి. బలవంతం వద్దు.

అన్నట్టు, హెడ్‌ఫోన్‌తో సంగీతం వినిపించే ఈ థెరపీకి శాస్త్రీయ ఆధారాలు ఇంకా అంతంతమాత్రమే. దీనికోసం ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా ఇచ్చే శిక్షణ) మాన్పించకండి.