టెక్ సందేహాలు: మీ పేరుతో ఇంకొకరు లాగిన్ అయితే

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు గుర్తింపు చౌర్యం గురించినవే. ఒకరి పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, పాస్‌వర్డ్‌ల వంటివి చేజిక్కించుకుని వారిగా చలామణి కావడాన్ని అలా అంటున్నాం. అడిగిన తీరు వేరైనా అన్ని ఉత్తరాల వెనుకా ఉన్న భయం ఒకటే కనుక, ఈసారి కాలమ్ మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ఏడెనిమిదేళ్ల కిందట ఒక ఆటల సైట్‌లో ఖాతా తెరిచి మరచిపోయాను. అక్కడి నుంచి వినియోగదారుల సమాచారం బయటికి పొక్కిందని ఇప్పుడు మెయిల్ వచ్చింది. అందులో నా డబ్బుకు సంబంధించిన వివరాలేవీ లేవు. అయినా కంగారు పడాలా?

కంగారు అక్కర్లేదు గానీ, ఒక పనిని మాత్రం ఈ పూటే పూర్తి చేయండి. ఆనాడు ఆ సైట్‌కు ఇచ్చిన పాస్‌వర్డ్‌నే ఇంకెక్కడైనా వాడుతున్నారేమో గుర్తు చేసుకుని, వాడుతున్న ప్రతిచోటా మార్చేయండి. ఇలా బయటపడిన ఈమెయిల్, పాస్‌వర్డ్ జతలను దొంగలు లక్షల సంఖ్యలో పోగుచేసుకుని, మెయిల్ సేవలు, బ్యాంకులు, షాపింగ్ సైట్ల లాగిన్ పేజీల్లో ప్రోగ్రాముల చేత ఒక్కొక్కటిగా పెట్టించి చూస్తారు. దీన్ని క్రెడెన్షియల్ స్టఫింగ్ అంటారు. శ్రమంతా యంత్రానిదే కాబట్టి, వేలల్లో ఒకటి రెండు ఖాతాలు తెరుచుకున్నా వారికి గిట్టుబాటు అవుతుంది.

హెచ్చరిక ఇంత ఆలస్యంగా రావడం కొత్తేమీ కాదు. 2012లో లింక్డిన్ నుంచి సుమారు 65 లక్షల పాస్‌వర్డ్‌ల హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌ను తిరిగి రాబట్టడం కష్టమయ్యేలా లెక్కకట్టి మార్చిన అక్షరాల వరుసలు) పోయాయని అప్పట్లో అనుకున్నారు. పోయినవి దాదాపు 11.7 కోట్ల ఖాతాలవని 2016లో గాని తెలియలేదు. యాహూలో 2013లో జరిగిన చోరీ అప్పటికున్న 300 కోట్ల ఖాతాలన్నిటినీ తాకిందని ఆ సంస్థ 2017లో ఒప్పుకుంది. కాబట్టి కబురు మీదాకా వచ్చేనాటికి ఆ పాస్‌వర్డ్ ఎన్నో చేతులు మారి ఉంటుందనుకోవడమే మంచిది.

మీ ఈమెయిల్ చిరునామా ఇంకా ఏయే చోరీల్లో బయటపడిందో చూసుకోవడానికి, ట్రాయ్ హంట్ అనే భద్రతా నిపుణుడు 2013లో మొదలుపెట్టిన 'హ్యావ్ ఐ బీన్ పోన్డ్' సైట్ ఉంది. అక్కడ పాస్‌వర్డ్‌లను కూడా సరిచూసుకోవచ్చు. 'అసలు పాస్‌వర్డ్‌ను ఏదో ఒక సైట్‌లో టైపు చేయడమేమిటి?' అని మీకు అనుమానం వస్తే సంతోషిస్తాను, రావలసిన అనుమానమే అది. ఈ సైట్ విషయంలో మాత్రం ఆ పాస్‌వర్డ్ మీ బ్రౌజర్‌లోనే 40 అక్షరాల హ్యాష్‌గా మారుతుంది, అందులో మొదటి ఐదు మాత్రమే సర్వర్‌కు వెళతాయి, ఆ ఐదింటితో మొదలయ్యే హ్యాష్‌ల జాబితా అంతా తిరిగి వస్తుంది, మీది అందులో ఉందా లేదా అన్న పోలిక మీ పరికరంలోనే జరుగుతుంది.

అన్నిటికంటే ముందు మార్చవలసింది మీ మెయిల్ పాస్‌వర్డ్. ఏ సైట్‌లోనైనా 'పాస్‌వర్డ్ మరచిపోయాను' అని నొక్కితే కొత్తది పెట్టుకునే లింకు చేరేది మెయిల్‌కే కదా! నూరు తలుపులకు నూరు తాళాలు వేసినా చెవులన్నీ ఉన్న గూడు మీ మెయిల్ ఖాతాయే. ఒక అరగంట తీరిక చేసుకుని ఆ మెయిల్‌లో 'వెల్‌కమ్', 'వెరిఫై' అనే మాటలను ఇంగ్లిషులో వెతకండి. మీరు మరచిపోయిన ఖాతాలన్నీ వరుసగా పైకి వస్తాయి. ఈ మధ్య నేనూ అలా వెతికితే, ఎప్పుడో ఒక పీడీఎఫ్ సైజు తగ్గించుకోవడం కోసం తెరిచిన ఖాతా బయటపడింది. లోపలికి వెళ్లి చూస్తే ఆ పీడీఎఫ్ ఇంకా అక్కడే ఉంది, అది నా గుర్తింపు కార్డుది. ఊరికే వదిలేయకుండా ఇటువంటి ఖాతాల్లోని ఫైళ్లను చెరిపి, ఖాతాను పూర్తిగా తొలగించండి.

ప్రశ్న: మధ్యాహ్నం ఉన్నట్టుండి నా ఫోన్‌లో సిగ్నల్ పోయింది. టవర్ సమస్య అనుకున్నాను. సాయంత్రం వైఫైలో చూసుకుంటే, నా ప్రధాన మెయిల్ పాస్‌వర్డ్ మారిందని రెండో మెయిల్‌కు సందేశం వచ్చి ఉంది. ఎస్‌ఎంఎస్ ఓటీపీ పెట్టుకున్నా ఇది ఎలా సాధ్యం?

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది సిమ్ స్వాప్ లాగే ఉంది. దొంగ మీ ఫోన్‌ను ముట్టుకోడు. మీ పేరు, పుట్టిన తేదీ, చిరునామా చెప్పి, 'నా ఫోన్ పోయింది, కొత్త సిమ్ ఇవ్వండి' అని టెలికాం సంస్థను నమ్మిస్తాడు, లేదా లోపలి మనిషి ఒకరిని మచ్చిక చేసుకుంటాడు. కొత్త సిమ్ పనిచేయడం మొదలుపెట్టగానే మీ సిమ్ మూగబోతుంది, ఆ క్షణం నుంచి మీ ఓటీపీలన్నీ అతడికే వెళతాయి. 2019 ఆగస్టులో అప్పటి ట్విటర్ సీఈఓ జాక్ డోర్సీ ఖాతా నుంచే దుండగులు ఇలా నంబరును చేజిక్కించుకుని ట్వీట్లు పెట్టారు.

సిగ్నల్ పోయినప్పుడు మొదట ఫోన్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే, అదే నెట్‌వర్క్ వాడుతున్న మరొకరికి సిగ్నల్ ఉందేమో అడగండి. వారికి ఉండి మీకు లేకపోతే సాయంత్రం దాకా ఆగకూడదు; వెంటనే వేరే ఫోన్ నుంచి టెలికాం సంస్థకు కాల్ చేసి నంబరును నిలిపివేయించండి, ఆ తర్వాత బ్యాంకుకు చెప్పండి. సిమ్‌కు పిన్ పెట్టుకుంటే చాలదా అని చాలామంది అడుగుతుంటారు. ఆ పిన్ వల్ల, దొంగిలించిన సిమ్‌ను ఇంకో ఫోన్‌లో వేసుకుని వాడటం కుదరదు, అంతే. సిమ్ స్వాప్‌ను అది ఆపలేదు. దానికోసం టెలికాం సంస్థ దగ్గరే మీ ఖాతాకు విడిగా పిన్ గాని, నంబరు బదిలీపై లాక్ గాని పెట్టించుకోవాలి. ఆ సదుపాయం ఉందేమో కనుక్కోండి.

ఇక ఓటీపీ సంగతి. ఎస్‌ఎంఎస్ ఓటీపీ ఏమీ లేకపోవడం కంటే నయమే, దాన్ని తీసేయమని చెప్పను. కానీ అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఫోన్ నెట్‌వర్క్ ద్వారా వచ్చే కోడ్‌లను పరిమితులతో వాడవలసిన పద్ధతిగా పేర్కొంది. కనీసం మెయిల్‌కైనా అథెంటికేటర్ యాప్‌కు మారండి. దాన్ని మీ ఖాతాకు జోడించేటప్పుడు స్కాన్ చేసే క్యూఆర్ కోడ్‌లో ఒక రహస్య సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యనూ గడియారంలోని సమయాన్నీ కలిపి యాప్ సాధారణంగా 30 సెకన్లకొక కోడ్ తయారుచేస్తుంది. సిమ్‌తో దానికి పనిలేదు. విమానంలో ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా కోడ్ వస్తుంది.

అయితే నకిలీ లాగిన్ పేజీలో మీ చేతులారా టైపు చేస్తే ఆ కోడ్ కూడా దొంగకు దక్కినట్టే. అక్కడ పనికొచ్చేది పాస్‌కీ (పాస్‌వర్డ్‌కు బదులు మీ పరికరంలో ఉండే డిజిటల్ తాళంచెవి) లేదా యూఎస్‌బీ సెక్యూరిటీ కీ (అదే పని చేసే చిన్న పరికరం). పాస్‌కీని తయారుచేసినప్పుడే అది ఏ వెబ్ చిరునామాకు చెందినదో అందులో నమోదవుతుంది, కాబట్టి ఒక్క అక్షరం తేడా ఉన్న నకిలీ సైట్ ఎంత అచ్చుగుద్దినట్టు ఉన్నా అక్కడ అది పలకదు. మన కన్ను మోసపోయే చోట యంత్రం మోసపోదన్నమాట. గూగుల్ 2017 ఆరంభంలో ఉద్యోగులందరికీ సెక్యూరిటీ కీలను తప్పనిసరి చేసింది. 85 వేలకు పైగా ఉన్న ఉద్యోగుల్లో ఆ తర్వాత ఒక్కరి ఖాతా కూడా ఫిషింగ్‌కు, అంటే ఇటువంటి నకిలీ పేజీల మోసానికి, చిక్కినట్టు తేలలేదని 2018లో ప్రకటించింది. ఏ పద్ధతికి మారినా, ఫోన్ గాని కీ గాని లేనప్పుడు ఖాతా తెరవడానికి సైట్ ఇచ్చే రికవరీ కోడ్‌లను కాగితం మీద రాసి ఫోన్‌కు దూరంగా దాచండి. వాటిని స్క్రీన్‌షాట్ తీసి ఆ ఫోన్‌లోనే ఉంచేవారు ఎందరో ఉన్నారు; ఫోన్ పోయిన రోజున అవీ పోతాయి.

ప్రశ్న: పాస్‌వర్డ్‌లన్నీ ఒకే పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టడం ప్రమాదం కాదా? వాటిని మూడు నెలలకోసారి మార్చాలా?

పాస్‌వర్డ్‌లన్నిటినీ దాచి, అవసరమైనచోట తానే నింపే యాప్‌ను పాస్‌వర్డ్ మేనేజర్ అంటారు. మీ మొదటి ప్రశ్న సబబైనదే. 2022లో లాస్ట్‌పాస్ సంస్థ నుంచి వినియోగదారుల వాల్ట్‌ల (పాస్‌వర్డ్‌లు దాచే పెట్టెల) బ్యాకప్‌లను దుండగులు కాపీ చేసుకుపోయారు. పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే రహస్య లిపిలో, ఉన్నా సైట్ల చిరునామాలు మాత్రం బాహాటంగానే ఉన్నాయి, వాల్ట్ మొత్తాన్నీ తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ బలహీనంగా పెట్టుకున్నవారి వాల్ట్‌ను తీరిగ్గా ఊహించి తెరిచే వీలు దొంగలకు చిక్కింది. అయినా నేను మేనేజర్‌నే వాడమంటాను. ఒకే పాస్‌వర్డ్‌ను ఇరవై చోట్ల వాడటంలో ఉన్న ప్రమాదం దానికంటే ఎన్నో రెట్లు పెద్దది, పైగా నకిలీ చిరునామా కనిపిస్తే మేనేజర్ పాస్‌వర్డ్‌ను తనంతట తాను నింపదు. అది నింపడం లేదేమని విసుక్కుని కాపీ, పేస్ట్ చేసే ముందు చిరునామాను మరోసారి చూడండి.

మాస్టర్ పాస్‌వర్డ్‌కు డైస్‌వేర్ పద్ధతి నాకు నచ్చుతుంది. ఐదు పాచికలు వేసి, పడిన ఐదు అంకెలకు ఎదురుగా 7,776 మాటల జాబితాలో ఉన్న మాట తీసుకోవాలి. అలా ఆరుసార్లు వేస్తే పొంతన లేని ఆరు మాటల వరుస వస్తుంది. మాటలను పాచికలే ఎంచాలి. మనం ఎంచుకుంటే పిల్లల పేర్లు, ఇష్టదైవాల పేర్లు వచ్చేస్తాయి.

మూడు నెలలకోసారి మార్చడం అనవసరం. బయటపడిందన్న ఆధారం ఉంటేనే మార్చమని నిస్ట్ కూడా చెబుతోంది. తప్పనిసరిగా మార్చాలంటే జనం చివరి 1ని 2 చేసి ఊరుకుంటారు, ఆ సంగతి దొంగలకూ తెలుసు.

ప్రశ్న: గది బుక్ చేసుకోవడానికి గుర్తింపు కార్డు ఫొటో పంపమంటున్నారు. నంబరు మీద ఫోన్‌లోని పెన్‌తో నల్లగా గీసి పంపితే సరిపోతుందా?

సరిపోకపోవచ్చు. ఫోన్ ఎడిటర్లలోని హైలైటర్ వంటి కొన్ని పెన్‌ల రంగు పూర్తిగా దట్టంగా ఉండదు. ఫొటో వెలుతురు పెంచితే అడుగున ఉన్న అంకెలు లీలగా కనిపిస్తాయి. కత్తిరించడాన్నీ గుడ్డిగా నమ్మలేం. గూగుల్ పిక్సెల్ ఫోన్ల మార్కప్ టూల్‌లో కత్తిరించి పారేసిన భాగం ఫైల్‌లోనే మిగిలిపోతోందనీ, దాన్ని తిరిగి రాబట్టవచ్చనీ 2023 మార్చిలో బయటపడింది. విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లోనూ అటువంటి లోపమే దొరికింది. రెండింటినీ సరిచేశారు గానీ, అంతకుముందు పంపిన ఫొటోలు ఎవరి దగ్గర ఉంటే వారి దగ్గరే ఉన్నాయి.

నేనైతే కార్డు మీద కనబడకూడని చోట కాగితం ముక్క పెట్టి, అప్పుడు ఫొటో తీస్తాను. తర్వాత దాని మీద అడ్డంగా, ముఖాన్నీ అక్షరాలనూ తాకేలా 'ఫలానా బుకింగ్ కోసం మాత్రమే' అని తేదీతో రాస్తాను. ఆ ఫొటో రేపు ఇంకెవరి చేతిలో పడినా మరో పనికి వాడటం కష్టమవుతుంది. పని పూర్తయ్యాక మెసేజింగ్ యాప్‌లోంచి కూడా దాన్ని తొలగించండి.

ప్రశ్న: 'మీ మొదటి బడి పేరేమిటి' వంటి భద్రతా ప్రశ్నలకు నిజమైన సమాధానం ఇవ్వాలా?

ఇవ్వకండి. 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీచేస్తున్న సారా పేలిన్ యాహూ మెయిల్‌ను ఒక విద్యార్థి ఆమె పుట్టిన తేదీ, పిన్ కోడ్, భర్తను తొలిసారి కలిసిన చోటు వంటి, అందరికీ అందుబాటులో ఉన్న వివరాలతోనే తెరిచాడు. బడి పేరు అడిగితే అర్థంలేని మాటలేవో ఇచ్చి, వాటిని పాస్‌వర్డ్ మేనేజర్‌లో రాసుకోండి.

ప్రశ్న: నా పేరుతో ఎవరో అప్పు తీసుకున్నారు. బ్యాంకుకు చెప్పాను, మెయిల్ పాస్‌వర్డ్ మార్చాను. అయినా కొత్త పాస్‌వర్డ్‌తో చేసిన మార్పులు కూడా వారికి తెలిసిపోతున్నట్టు అనిపిస్తోంది. ఏం చేయాలి?

మీ అనుమానం నిజమే కావచ్చు. మెయిల్‌లోకి చొరబడినవారు చాలాసార్లు వెళ్లేముందు ఒక చిన్న దారి వదిలి వెళతారు. మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు అనే భాగాలు తెరవండి. 'బ్యాంకు' అన్న మాట ఉన్న ప్రతి మెయిల్‌నూ వేరే చిరునామాకు పంపి, మీకు కనిపించకుండా చెత్తబుట్టలో వేసే నియమం ఒకటి అక్కడ ఉండే అవకాశం ఉంది. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఆ నియమం పోదు. దాన్ని తీసేసి, రికవరీ మెయిల్, రికవరీ ఫోన్ మీవేనో కాదో చూసి, మెయిల్‌కు అనుసంధానించిన యాప్‌లలో తెలియనివాటిని తొలగించి, అన్ని పరికరాల నుంచి ఒకేసారి లాగ్ అవుట్ చేయండి. ఈ పనులన్నీ మీరు రోజూ వాడే కంప్యూటర్‌లో కాకుండా అనుమానం లేని మరో పరికరంలో చేయడం మేలు. పాత కంప్యూటర్‌లో మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాము) ఉంటే కొత్త పాస్‌వర్డ్ కూడా అక్కడి నుంచే పోతుంది.

అప్పు విషయంలో పోలీసు ఫిర్యాదు ప్రతిని దగ్గర ఉంచుకుని, క్రెడిట్ బ్యూరోలకు (అప్పుల చరిత్రను నమోదుచేసే సంస్థలకు) రాతపూర్వకంగా అభ్యంతరం తెలపండి, మీ పేరుతో కొత్త అప్పులు పుట్టకుండా నిలిపే సదుపాయం ఉంటే కోరండి. ఎవరితో ఏ రోజు ఏ సమయానికి మాట్లాడారో, వారు ఇచ్చిన ఫిర్యాదు సంఖ్య ఏమిటో ఒక నోటుబుక్కులో రాస్తూ రండి. ఆ అప్పు మీది కాదని వచ్చే ప్రతి ఉత్తరాన్నీ, కేసు ముగిసిన తర్వాత కూడా, పారేయకుండా ఉంచండి. అదే అప్పును వసూలు సంస్థలు చేతులు మార్చుకుని, కొన్నేళ్ల తర్వాత మళ్లీ మీ నంబరుకే ఫోన్ చేయడం కద్దు.